వెయిటింగ్ లిస్టు ఎలా కదులుతుంది?

రైలు టిక్కెట్టు మీద "వెయిటింగ్ లిస్టు 40" అని, దాని పక్కనే "12" అని రెండు అంకెలు ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ రెండు అంకెలకు అర్థం ఏమిటి? ఆ రైలుకు వెయిటింగ్ లిస్టులో చేరినవారిలో మీది 40వ పేరు. కాని మీ ముందున్న 39 మందిలో 28 మంది బెర్తు దొరికో, టిక్కెట్టు రద్దు చేసుకొనో అప్పటికే జాబితా నుంచి వెళ్లిపోయారు. ఇక మీ ముందు మిగిలింది 11 మంది. మీరు నిలబడ్డ చోటనే నిలబడి ఉన్నారు. అయినా జాబితా కదిలింది!

రైలులో బెర్తు దొరకకపోతే మరో రైలుకు వెళ్లవచ్చు. కళాశాలలో సీటు దొరకకపోతే మాత్రం ఒక విద్యాసంవత్సరమే పోవచ్చు. ఈనాడు మీరు హైస్కూలులో ఉన్నారు. మరి కొన్నేళ్లలో మీ పేరు కూడా ఏదో ఒక జాబితాలోకి ఎక్కుతుంది. కాబట్టి ఆ జాబితా ఎలా కదులుతుందో, ఎందుకు ఒక్కొక్కసారి కదలకుండా ఆగిపోతుందో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. దీని వెనుక చక్కని గణితం ఉంది. భయపడకండి, కూడికలు, పోలికలు వస్తే చాలు!

నిండిన క్లాసు అంటే ఏమిటి?

మన దేశంలో ఒక డిగ్రీ కోర్సులో చేరితే ఆ ఏడాది చదవవలసిన పాఠ్యాంశాలు చాలావరకు ముందే నిర్ణయమై ఉంటాయి. అమెరికా విశ్వవిద్యాలయాలలో పద్ధతి వేరు. అక్కడ ప్రతి సెమిస్టరుకు విద్యార్థి తాను చదవదలచిన పాఠ్యాంశాలను తానే ఎంచుకుంటాడు. ఒక్కొక్క క్లాసుకు విడివిడిగా పేరు నమోదు చేసుకుంటాడు. మన ప్రాంతాల నుంచి పై చదువులకు అక్కడికి వెళ్లిన అన్నయ్యలు, అక్కయ్యలు మీ ఊళ్లో ఉంటే అడిగి చూడండి. "ఫలానా క్లాసు నిండిపోయింది, వెయిటింగ్ లిస్టులో ఉన్నాను" అన్న మాట వారికి బాగా పరిచయమే.

క్లాసు ఎందుకు నిండుతుంది? రసాయనశాస్త్ర ప్రయోగశాలలో 24 మంది నిలబడే చోటు ఉంటే 25వ విద్యార్థిని ఇరికించడం ప్రమాదం. గదిలో కుర్చీలు లెక్క ప్రకారమే ఉంటాయి. వ్యాసాలు దిద్దవలసిన క్లాసులో ఉపాధ్యాయుడు దిద్దగలిగినన్ని కాగితాలే ఉండాలి. అందుచేత ప్రతి క్లాసుకు ఒక పరిమితి పెడతారు. అది నిండాక వచ్చినవారి పేర్లు వెయిటింగ్ లిస్టులోకి వెళతాయి.

క్లాసులో చేరిన ఒకరు మానుకొన్నారనుకోండి. అప్పుడేం జరుగుతుంది? కొన్నిచోట్ల కంప్యూటరు జాబితాలోని మొదటి పేరును తనంతట తానే క్లాసులో చేర్చివేస్తుంది. మరికొన్నిచోట్ల ఆ విద్యార్థికి కబురు పంపి గడువు ఇస్తారు. గడువు లోపల "సరే" అనకపోతే అవకాశం తరువాతి వారికి పోతుంది. ఇంకొన్నిచోట్ల ఆచార్యుడే చూసి, ఈ క్లాసు లేకపోతే డిగ్రీ పూర్తికాని చివరి సంవత్సరం విద్యార్థికి ముందు అవకాశం ఇస్తాడు. మొదటి పేరుగల విద్యార్థికి అదే సమయంలో మరో క్లాసు ఉన్నా, ముందు చదవవలసిన పాఠం చదివి ఉండకపోయినా, చాలాచోట్ల అతన్ని దాటి తరువాతి పేరుకు వెళతారు.

ఇలా ఎన్ని తేడాలున్నా వెయిటింగ్ లిస్టు ఏదైనా సరే, దానికి మూడు అంగాలు ఉండి తీరాలి. ఒకటి, వరుస: ఎవరి తరువాత ఎవరు? రెండు, గడువు: పిలిచినప్పుడు ఎంతసేపట్లో జవాబు చెప్పాలి? మూడు, ముగింపు: ఏ రోజుతో జాబితా రద్దవుతుంది? ఈ మూడింటిలో ఏది లోపించినా జాబితా గందరగోళమవుతుంది. మీ పేరు ఎప్పుడైనా ఒక జాబితాలో చేరితే ముందుగా అడగవలసిన ప్రశ్నలు కూడా ఈ మూడే.

మూడో నెంబరా, పదో నెంబరా?

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక క్లాసులో 60 సీట్లు ఉన్నాయి. అన్నీ నిండాయి. ప్రతి ఏడూ చేరినవారిలో పదిమందికి ఒకరు చొప్పున మానుకొంటారని అనుభవం చెబుతోంది. అంటే సగటున 6 ఖాళీలు వస్తాయి. మరి వెయిటింగ్ లిస్టులో 6వ నెంబరు వరకు సీటు ఖాయమనీ, 7వ నెంబరు నుంచి ఆశ లేదనీ అనవచ్చా?

అనకూడదు. సగటు 6 అయినంత మాత్రాన ప్రతి ఏడూ సరిగ్గా 6 ఖాళీలే రావు. ఒక ఏడు 3 రావచ్చు, మరో ఏడు 9 రావచ్చు. సంభావ్యత సూత్రాలతో లెక్కకడితే ఈ ఫలితాలు వస్తాయి:

1వ నెంబరుకు సీటు వచ్చే అవకాశం – నూటికి 99కి పైగా
3వ నెంబరుకు – నూటికి 95
6వ నెంబరుకు – నూటికి 56
8వ నెంబరుకు – నూటికి 25
10వ నెంబరుకు – నూటికి 7

గమనించారా? 3వ నెంబరుకూ 10వ నెంబరుకూ మధ్య తేడా ఏడు అంకెలే. కాని ఒకరికి సీటు దాదాపు ఖాయం, మరొకరికి దాదాపు లేదు. జాబితాలో ఆశ మెట్టుమెట్టుగా సమానంగా తగ్గదు. సగటుకు దగ్గరలో గబగబా జారిపోతుంది.

ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. మానుకొనేవారు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా మానుకొంటారన్నదే ఆ ఊహ. పక్క ఊళ్లో కొత్త కళాశాల తెరిచి పదిమంది కలిసికట్టుగా వెళ్లిపోతే ఈ లెక్క చెల్లదు. మీకన్న ముందున్నవారిలో కొందరు వేరేచోట చేరి జాబితా నుంచి తప్పుకొంటే మీ అవకాశం పై అంకెలకన్న పెరుగుతుంది. కనుక మీ నెంబరు ఎంత అన్నదొక్కటే చాలదు. గత ఏళ్లలో ఎంతవరకు జాబితా కదిలింది అన్నది కూడా తెలియాలి.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. రోడ్డు పక్కన క్షేమమైన చోట నిలబడి వరుసగా 60 వాహనాల నెంబర్లలోని చివరి అంకెలు రాసుకోండి. వాటిలో 3 ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. పది అంకెలలో 3 ఒకటి కనుక సగటున 6 సార్లు రావాలి. నలుగురు స్నేహితులు నాలుగు రోజులు చేసి చూడండి. ఎంతెంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

ఉన్న సీట్లకన్న ఎక్కువమందిని ఎందుకు పిలుస్తారు?

క్లాసును వదిలి ఇప్పుడు కళాశాల గేటు దగ్గరకు వద్దాం. అమెరికాలో విద్యార్థులు ఒక్కొక్కరు అనేక కళాశాలలకు దరఖాస్తు పెడతారు. ప్రతి కళాశాల తన ఇష్టప్రకారం కొందరిని ఎంచుకొని, "మీకు సీటు ఇచ్చాం, వస్తారా?" అని ఉత్తరాలు పంపుతుంది. నాలుగు కళాశాలల నుంచి ఉత్తరాలు వచ్చిన విద్యార్థి చేరేది ఒక్కదానిలోనే కదా! మిగిలిన మూడూ వృథాయే.

ఒక కళాశాలలో 100 సీట్లు ఉన్నాయనీ, పిలిచినవారిలో సగంమంది వస్తారనీ అనుకోండి. 100 మందినే పిలిస్తే 50 సీట్లు ఖాళీగా మిగులుతాయి. 200 మందిని పిలిస్తే? సగటున 100 మంది వస్తారు. కాని నాణెం 200 సార్లు ఎగురవేస్తే ప్రతిసారీ సరిగ్గా 100 బొమ్మలే పడవు. దాదాపు సగం ఏళ్లలో 100 మందికన్న ఎక్కువే వచ్చి పడతారు. వారిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

అందుచేత కళాశాల కొంచెం వెనక్కు తగ్గి 180 మందిని పిలుస్తుంది. సగటున 90 మంది వస్తారు. 100 దాటిపోయే ప్రమాదం నూటికి 6 ఏళ్లలోనే ఉంటుంది. మిగిలిన సుమారు 10 సీట్లను వెయిటింగ్ లిస్టు నుంచి నింపుకొంటుంది. చూశారా! వెయిటింగ్ లిస్టు విద్యార్థి ఓదార్పు కోసం పెట్టింది కాదు. కళాశాల తన లెక్క తప్పకుండా పెట్టుకొన్న దిండు లాంటిది.

ఒక ఖాళీ, ఐదు కదలికలు

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. అందరూ మెచ్చే వరుసలో ఐదు కళాశాలలు ఉన్నాయనుకోండి. అన్నీ నిండాయి. మొదటి కళాశాలలో ఒక విద్యార్థి చదువు కోసం విదేశం వెళ్లిపోయాడు. ఆ సీటుకు రెండో కళాశాలలోని విద్యార్థి వస్తాడు. అతడు ఖాళీ చేసిన సీటుకు మూడో కళాశాల నుంచి ఒకరు వస్తారు. అక్కడికి నాలుగో దాని నుంచి, నాలుగోదానికి ఐదోదాని నుంచి వస్తారు. చివరకు ఐదో కళాశాలలోని ఖాళీలో అసలు సీటే లేని విద్యార్థి చేరతాడు. ఒక్క ఖాళీ వల్ల ఐదుగురు కదిలారు!

ఇంతవరకు బాగానే ఉంది. కాని ఒక్కొక్క కదలికకు వారం పట్టిందనుకోండి. కబురు అందాలి, ఇంట్లో ఆలోచించుకోవాలి, కట్టిన ఫీజు తిరిగి తీసుకోవాలి, సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. ఐదు కదలికలకు ఐదు వారాలు. ఈలోగా జాబితాకు ముగింపు తేదీ వచ్చేస్తుంది. గొలుసు మధ్యలో తెగిపోతుంది. ఫలితం? ఒకవైపు సీటు ఖాళీగా ఉంటుంది, మరోవైపు సీటు లేని విద్యార్థి ఇంట్లో ఉంటాడు. ఇద్దరూ ఒకరికొకరు చేరరు. వెయిటింగ్ లిస్టు చేసే పెద్ద నష్టం ఇదే.

విద్యార్థికి మరో ధర్మసంకటం కూడా ఉంది. నచ్చిన కళాశాలలో వెయిటింగ్ లిస్టు, అంతగా నచ్చనిదానిలో సీటు వచ్చాయి. ఉన్నదానిలో చేరి, తరువాత పిలుపు వస్తే వదిలివేయాలా? అది ఆ కళాశాలకు న్యాయమేనా? చేరకుండా ఆగితే రెండూ పోతాయేమో!

ఏడు పేజీల సమాధానం

సరిగ్గా ఈ ధర్మసంకటాన్నే 1962లో ఇద్దరు అమెరికన్ గణితశాస్త్రజ్ఞులు పరిశీలించారు. వారు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ. వారి వ్యాసం ఒక గణిత మాసపత్రికలో కేవలం ఏడు పేజీలలో అచ్చయింది. అందులో సమీకరణాలు దాదాపు లేవు. మామూలు మాటలతోనే తర్కమంతా నడుస్తుంది.

వారి ఉపాయం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. సీట్లు ఇచ్చేశాక వెయిటింగ్ లిస్టు పెట్టడం కాదు, ముందు అందరినీ వెయిటింగ్ లిస్టులోనే ఉంచి, అంతా తేలాకనే సీట్లు ఇవ్వాలి!

ఉదాహరణ చూద్దాం. క, చ, ట అని మూడు కళాశాలలు ఉన్నాయి. క లో 2 సీట్లు, చ లో 1, ట లో 2. రమ, గోపి, సలీం, లక్ష్మి, జాన్ అనే ఐదుగురు విద్యార్థులు తమ ఇష్టాలను వరుసగా ఇలా రాసి ఇచ్చారు:

రమ – క, చ, ట
గోపి – క, ట, చ
సలీం – చ, క, ట
లక్ష్మి – క, చ, ట
జాన్ – చ, ట, క

క కళాశాల గణితం మార్కులు చూస్తుంది. దాని వరుస: సలీం, లక్ష్మి, రమ, గోపి, జాన్. చ కళాశాల సైన్సు మార్కులు చూస్తుంది. దాని వరుస: రమ, జాన్, సలీం, లక్ష్మి, గోపి. ట కళాశాలకు వచ్చినవారందరూ సరిపోతారు కాబట్టి దాని వరుసతో మనకు పని పడదు.

మొదటి విడత: ప్రతి ఒక్కరూ తమ మొదటి ఇష్టాన్ని అడుగుతారు. క దగ్గరకు రమ, గోపి, లక్ష్మి వచ్చారు. ఉన్నవి రెండు సీట్లు. గణితంలో ముందున్న లక్ష్మి, రమలను అట్టేపెట్టుకొని గోపిని పంపివేస్తుంది. గమనించండి, అట్టేపెట్టుకొంది అంతే, సీటు ఇవ్వలేదు. చ దగ్గరకు సలీం, జాన్ వచ్చారు. జాన్‌ను ఉంచుకొని సలీంను పంపివేస్తుంది.

రెండో విడత: గోపి తన రెండో ఇష్టమైన ట కు వెళతాడు. ట ఉంచుకొంటుంది. సలీం క కు వస్తాడు. గణితంలో అతడే మొదటివాడు. ఇప్పుడు క సలీం, లక్ష్మిలను ఉంచుకొని రమను పంపివేస్తుంది.

మూడో విడత: రమ చ దగ్గరకు వస్తుంది. సైన్సులో జాన్‌కన్న రమ ముందు. చ రమను ఉంచుకొని జాన్‌ను పంపివేస్తుంది.

నాలుగో విడత: జాన్ ట కు వెళతాడు. అక్కడ రెండో సీటు ఖాళీగానే ఉంది. ఇక పంపివేయబడినవారు ఎవరూ లేరు. ఆట ముగిసింది. ఇప్పుడు సీట్లు ఖాయం చేస్తారు: క లో సలీం, లక్ష్మి, చ లో రమ, ట లో గోపి, జాన్.

ఇది న్యాయమేనా? పరీక్షిద్దాం. రమకు క కావాలి. కాని అక్కడున్న ఇద్దరికీ గణితంలో రమకన్న ఎక్కువ మార్కులే. గోపి సంగతీ అంతే. సలీం, జాన్ ఇద్దరికీ చ కావాలి. కాని అక్కడున్న రమకు సైన్సులో వారికన్న ఎక్కువ మార్కులు. "నాకన్న తక్కువ అర్హత ఉన్నవారికి నేను కోరిన సీటు ఇచ్చారు" అని ఫిర్యాదు చేయగలవారు ఒక్కరూ లేరు. ఇలాంటి పంపకాన్ని గణితంలో "స్థిరమైన" పంపకం అంటారు. విద్యార్థులు ఎందరైనా, కళాశాలలు ఎన్నయినా ఈ పద్ధతిలో స్థిరమైన పంపకం తప్పకుండా వస్తుందని గేల్, షాప్లీ నిరూపించారు. అంతేకాదు, స్థిరమైన పంపకాలు ఎన్ని ఉన్నా, వాటన్నిటిలో విద్యార్థులకు మేలైనది ఇదే.

మీలో చురుకైనవారు ఒక ప్రశ్న వేయవచ్చు. "సలీంకు చ కావాలి, రమకు క కావాలి. ఇద్దరూ సీట్లు మార్చుకొంటే ఇద్దరికీ సంతోషమే కదా?" మంచి ప్రశ్న. కాని సలీం చ లో చేరితే జాన్ ఊరుకొంటాడా? సైన్సులో సలీంకన్న జాన్‌కే ఎక్కువ మార్కులు, పైగా అతనికీ చ కావాలి. ఇద్దరి సంతోషం మూడోవాడికి అన్యాయం అవుతుంది. అందుకే మార్పిడి కుదరదు.

భయపడి వరుస మార్చకండి

ఈ ఉదాహరణలో అన్నిటికన్న ముఖ్యమైన విషయం రమది. రమ మొదట క ను అడిగింది. మూడో విడతలో గాని చ దగ్గరకు రాలేదు. జాన్ మొదటి విడత నుంచి అక్కడే ఉన్నాడు. అయినా చ లో చోటు రమకే దక్కింది. ఎందుకు? అక్కడ ఎవరికీ ముందుగా సీటు ఇచ్చివేయలేదు కనుక. పెద్ద ఆశను ముందు అడిగినందువల్ల రెండో ఆశ చేజారలేదు.

దీనికి వ్యతిరేకమైన పద్ధతి ఒకటి అమెరికాలోని బోస్టన్ నగర పాఠశాలల్లో 2005 వరకు ఉండేది. అక్కడ మొదటి విడతలోనే, మొదటి ఇష్టంగా అడిగినవారికి సీట్లు శాశ్వతంగా ఇచ్చివేసేవారు. మొదట ఒక మంచి బడిని అడిగి భంగపడిన పిల్లవాడు రెండో బడికి వచ్చేసరికి అది నిండిపోయి ఉండేది. దానితో తల్లిదండ్రులు నిజంగా ఇష్టమైన బడిని దాచి, "దొరికే" బడిని మొదట రాసేవారు. ఈ కిటుకు తెలియని తల్లిదండ్రుల పిల్లలు నష్టపోయేవారు. 2005లో ఆ నగరం గేల్, షాప్లీల పద్ధతికి మారింది.

న్యూయార్కు నగరంలో హైస్కూళ్లదీ ఇలాంటి కథే. ఏటా సుమారు 90,000 మంది పిల్లలు చేరే చోట, ఉత్తరాలు, వెయిటింగ్ లిస్టులు మూడు విడతలుగా నడిచేవి. కొందరికి అనేక సీట్లు, కొందరికి ఒక్కటీ రాని పరిస్థితి. సుమారు 30,000 మందిని చివరకు తాము కోరని బడులలో వేయవలసి వచ్చేది. 2004 ప్రవేశాలకు ఆల్విన్ రాత్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఇదే పద్ధతిని రూపొందించి ఇచ్చారు. ఆ సంఖ్య సుమారు 3,000కు తగ్గింది. 2012లో రాత్, షాప్లీలకు కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. గేల్ 2008లోనే మరణించారు. చనిపోయినవారికి ఆ బహుమతి ప్రకటించరు.

మన దేశంలో

మన దేశంలో 2015కు ముందు ఐ.ఐ.టి.లలో సీట్లు వేరుగా, ఎన్.ఐ.టి.లలో సీట్లు వేరుగా పంచేవారు. ఒకే విద్యార్థికి రెండుచోట్లా సీటు వచ్చేది. ఒకటి వదిలితే ఆ ఖాళీ ఆలస్యంగా తెలిసేది. గొలుసు తెగిపోయి సీట్లు మిగిలిపోయేవి. 2015 నుంచి "జోసా" అనే ఉమ్మడి సంస్థ రెండింటినీ కలిపి పంచుతోంది. ఐ.ఐ.టి.లకు ఒక పరీక్ష ర్యాంకు, ఎన్.ఐ.టి.లకు మరో పరీక్ష ర్యాంకు. మన ఉదాహరణలో గణితం మార్కులు, సైన్సు మార్కులు లాగే! కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన సురేందర్ బస్వానా, మరికొందరు శాస్త్రజ్ఞులు గేల్, షాప్లీల పద్ధతిని మన రిజర్వేషన్ నియమాలకు సరిపోయేలా మలచి ఇచ్చారు.

కంప్యూటరు విడతలన్నీ క్షణాల్లో చేసేస్తుంది కదా, మరి జోసాలో మళ్లీ అనేక విడతలు ఎందుకు? సీటు వచ్చినా కొందరు ఫీజు కట్టరు. మరికొందరు వేరే చదువులకు వెళ్లిపోతారు. ఆ ఖాళీలను కలుపుకొని మళ్లీ పంచాలి. అందుకే సీటు వచ్చిన విద్యార్థిని మూడు మాటలలో ఒకటి చెప్పమంటారు. "ఫ్రీజ్" అంటే ఇది చాలు. "ఫ్లోట్" అంటే నా జాబితాలో ఇంతకన్న పైనున్నది ఏది వచ్చినా తీసుకొంటాను. "స్లైడ్" అంటే ఈ విద్యాసంస్థలోనే ఇంతకన్న పైనున్న కోర్సు వస్తే తీసుకొంటాను. పై సీటు వస్తే కిందిది తనంతట తానే ఇంకొకరికి పోతుంది. మళ్లీ కావాలన్నా రాదు. కనుక నిజంగా ఎక్కువ ఇష్టమైనదాన్నే పైన రాయాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాలలోని ఈఏపీసెట్ వెబ్ కౌన్సెలింగులో కూడా సూత్రం తేలికైనదే. రిజర్వేషన్లను, స్థానికతను పాటిస్తూ, ర్యాంకు వరుసలో ఒక్కొక్కరి ఆప్షన్ల జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ ఇస్తారు. పైన కష్టమైనది రాసినందువల్ల కిందిది పోదు. కాని భయపడి తక్కువ ఇష్టమైనదాన్ని పైన రాస్తే, అదే మీకు రావచ్చు! మన ఉదాహరణలో లక్ష్మి "క లో నాకెక్కడ వస్తుందిలే" అని ట ను మొదట రాసి ఉంటే, ఆమెకు ట యే వచ్చేది. క లో తనకు దక్కవలసిన సీటు చేజేతులా పోయేది. అలాగే జాబితా మరీ చిన్నది చేయకూడదు. రాసినవన్నీ అయిపోతే ఆ విడతలో సీటే రాదు.

మీరు చేసి చూడండి

పైన చెప్పిన క కళాశాలలో ఒక సీటు పెరిగి 3 సీట్లు అయ్యాయనుకోండి. మిగిలినవన్నీ మునుపటిలాగే ఉన్నాయి. కాగితం మీద విడతలు వేసి, ఎవరికి ఏ సీటు వస్తుందో కనుక్కోండి.

జవాబు: క లో సలీం, లక్ష్మి, రమ, చ లో జాన్, ట లో గోపి. ట లో ఒక సీటు ఖాళీ.

పెరిగింది ఒక్క సీటు. బాగుపడింది రమ, జాన్ ఇద్దరూ. ఎవరికీ నష్టం లేదు. ఒక విద్యార్థి తనకు అక్కరలేని సీటును ముందుగానే వదిలినా సరిగ్గా ఇదే జరుగుతుంది. కనుక రేపు మీకు రెండు సీట్లు వచ్చినప్పుడు, చేరని దానిని ఆ రోజే వదిలివేయండి. దాని కోసం ఎదురు చూసేది ఒక్కరు కాదు, వారి వెనుక ఒక గొలుసే ఉంది.